విదేశానికి వెళ్లే లాప్‌టాప్: కరెంటుతో కాస్త జాగ్రత్త

గుర్రంకొండలో ఒకరోజు ఓ.పి. ముగించి లేవబోతుండగా పాతికేళ్ల యువకుడు తండ్రితో కలిసి వచ్చాడు. కువైట్‌లో ఉద్యోగం. నెల రోజుల సెలవు మీద ఊరికి వచ్చాడు. కుడిచేతి బొటనవేలి చివర, చూపుడువేలి చివర నల్లగా ఎండిన చిన్న గుంటలు ఉన్నాయి.

"మూడు వారాలైంది సార్, మానలేదు" అన్నాడు తండ్రి.

"రెండో చెయ్యి కూడా చూపించు నాయనా" అన్నాను.

ఆ కుర్రాడు ఆశ్చర్యపోతూ ఎడమచెయ్యి చాపాడు. అరచేతిలో శనగగింజంత మచ్చ కనబడింది. అది ఎప్పుడు పడిందో అతనికే తెలియదు. కుడి వేళ్లమీది గుంటలు కరెంటు లోపలికి ప్రవేశించిన చోటు. ఎడమ అరచేతిలోది బయటకు పోయిన చోటు. ఆ రెండింటికీ నడుమ దారిలో గుండె ఉంది. ఈ మాట చెప్పేసరికి తండ్రి స్టూలు మీద కూలబడ్డాడు.

జరిగింది ఇది. అతని లాప్‌టాప్ చార్జరుకు రెండు గుండ్రటి పిన్నులు. కువైట్ గదిలో గోడకున్న సాకెట్టుకు చదరపు రంధ్రాలు మూడు. మన ప్లగ్గు అందులోకి పోదు. గదిలోని మిత్రుడు ఒక కిటుకు నేర్పాడు. పై రంధ్రంలో ఏదైనా పుల్లతో పొడిస్తే కింది రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి, అప్పుడు మన ప్లగ్గు దూరుతుంది. "రోజూ పెన్నుతో పొడిచేవాణ్ణి సార్. ఆ రోజు పెన్ను దొరకలేదు, చెంచా తీసుకున్నా. ప్లగ్గు జారి వేళ్లు పిన్నులకు తగిలినాయి. వెనక్కి పడిపోయినా."

వెనక్కి పడటమే అతన్ని రక్షించింది. ఇ.సి.జి. తీసి చూశాను. మామూలుగానే ఉంది. కాని మరో పది రోజులలో అతను తిరిగి కువైట్ వెళ్తున్నాడు. అతని చెల్లెలు పై చదువుకు అమెరికా ప్రయాణమవుతున్నది. "ఆ పిల్లకు కూడా లాప్‌టాప్ కొన్నాము సార్. అక్కడ ఎట్ల వాడాలో ఎవురు చెప్తారు?" అని తండ్రి అడిగాడు. ఆ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో పిల్లల్ని పరదేశం పంపుతున్న ప్రతి ఇంటిదీను. ఊరగాయ జాడీలకు మూతలు బిగించటంలో చూపే శ్రద్ధలో పదోవంతు ఈ విషయం మీద చూపితే చాలు.

రెండు వేర్వేరు సంగతులు

విదేశంలో కరెంటు అనగానే మనవాళ్లు రెండు విషయాలను ఒకటిగా కలిపేస్తారు. మొదటిది వోల్టేజి, అంటే కరెంటు తోసే బలం. రెండవది ప్లగ్గు ఆకారం.

మన దేశంలో ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా, దుబాయి, సింగపూర్ దేశాలలోనూ సుమారుగా ఇంతే. కువైట్‌లో 240. అమెరికాలో మాత్రం 120, జపానులో 100. అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, మనది 50 సార్లు.

లాప్‌టాప్‌కు ఈ తేడా పెద్ద సమస్య కాదు. దాని తీగ మధ్యలో ఉండే నల్లడబ్బాను తిరగేసి చూడండి. "ఇన్‌పుట్" అన్నచోట 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. అలా ఉంటే ఏ దేశపు వోల్టేజి అయినా ఆ డబ్బాయే సరిదిద్దుకొని, లాప్‌టాప్‌కు కావలసిన 19 లేదా 20 వోల్టులుగా మార్చి ఇస్తుంది. ఇలాంటి చార్జరుకు వోల్టేజి మార్చే బరువైన ట్రాన్స్‌ఫార్మరు కొనవలసిన అవసరం లేదు. సంతలో "కన్వర్టరు" పేరుతో అమ్మే చవక డబ్బాలు కొన్ని కేవలం ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యరు వంటి వేడి వస్తువుల కోసం చేసినవి. వాటికి లాప్‌టాప్ తగిలిస్తే చార్జరు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఆ చీటీ మీద 220-240 అని మాత్రమే ఉన్న వస్తువులతోనే చిక్కు. ఇక్కడి నెబ్యులైజరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె చాలావరకు ఆ కోవలోనివే. అమెరికాలో అవి సరిగా పనిచెయ్యవు. అక్కడ 120 వోల్టులకే చేసిన వస్తువును తెచ్చి మన గోడకు తగిలిస్తే పొగ వస్తుంది. అక్కడినుంచి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకూ ఇదే వర్తిస్తుంది. దానిమీద 125 వోల్టులని ఉంటే మన ఇంట్లో వాడరాదు.

ఆకారమే అసలు చిక్కు

ఇక ప్లగ్గు. కువైట్, దుబాయి, బ్రిటన్, సింగపూర్, మలేషియా దేశాలలో మూడు చదరపు పిన్నుల ప్లగ్గు వాడుకలో ఉంది. బ్రిటన్‌లో 1947లో రూపొందిన పద్ధతి ఇది. ఇందులో రెండు రక్షణలు ఉన్నాయి. ఒకటి, ప్లగ్గులోపలే చిన్న ఫ్యూజు ఉంటుంది. రెండు, పైన ఉన్న పొడుగాటి ఎర్తు పిన్ను ముందుగా లోపలికి పోయి మూతలను తెరిస్తేనే కింది రంధ్రాలు అందుతాయి. పిల్లలు వేళ్లో, పుల్లలో పెట్టకుండా చేసిన ఏర్పాటు ఇది. పెన్నుతో పొడిచి మూతలు తెరవటమంటే ఆ రక్షణను చేజేతులా పాడుచేసుకోవటమే. పైగా మన గుండ్రటి పిన్ను అందులో వదులుగా నిలుస్తుంది. వదులుగా ఉన్నచోట నిప్పురవ్వలు లేస్తాయి, వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. మన ప్లగ్గులో ఫ్యూజు కూడా లేదు.

అమెరికాలో రెండు చప్పటి రేకులు, వాటి కింద ఎర్తుకు ఒక గుండ్రటి పిన్ను. జర్మనీలో రెండు గుండ్రటి పిన్నులే ఉన్నా, ఎర్తు సాకెట్టు గుంటలో పక్కనుండే క్లిప్పుల ద్వారా అందుతుంది. మన పల్చటి రెండు పిన్నుల ప్లగ్గు అక్కడ దూరుతుంది. కాని ఎర్తు అందదు. ఆస్ట్రేలియాలో రేకులు ఏటవాలుగా ఉంటాయి.

ఇన్ని ఆకారాలకూ ఒకే మందు అంటూ అంగళ్లలో "యూనివర్సల్ ఎడాప్టరు" అమ్ముతారు. అన్ని రకాల పిన్నులూ పట్టేలా రంధ్రాలు పెద్దవిగా చేసిన చవకరకం ఎడాప్టరు ఏ పిన్నునూ గట్టిగా పట్టుకోదు. చాలావాటిలో ఎర్తు పిన్ను ఉత్త ప్లాస్టిక్ ముక్క మాత్రమే. చూడటానికి మూడు పిన్నులు, పనిచేసేవి రెండే.

నేను చెప్పే సలహా చాలా చిన్నది. లాప్‌టాప్ చార్జరులో గోడకూ నల్లడబ్బాకూ మధ్యనున్న తీగ చాలావాటిలో ఊడివస్తుంది. డబ్బావైపు కొస మూడు రేకుల ఆకులాగానో, ఎనిమిది అంకెలాగానో ఉంటుంది. ఆ కొస ఎక్కడైనా అదే. వెళ్లిన దేశంలో ఆ దేశపు ప్లగ్గు బిగించి వచ్చిన అదే రకం తీగ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. ఎడాప్టరుతో పనిలేదు, వదులు ఉండదు, ఎర్తు పిన్నున్న చార్జరుకు ఎర్తు పోదు. మొదటి రెండు మూడు రోజులకు మాత్రం ఎర్తు ఉన్న, ఆ ఒక్క దేశానికే చేసిన మంచి ఎడాప్టరు పెట్టెలో ఉంచుకోండి.

కరెంటు ఒంట్లో ఏం చేస్తుంది?

శరీరాన్ని దెబ్బతీసేది ముఖ్యంగా ఒంట్లోంచి పారిన కరెంటు పరిమాణం, అది పారిన దారి, పారినంత సేపు. ఒక మిల్లీ ఆంపియరు దగ్గర చిమచిమలాడుతుంది. 10 దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్నది వదలాలన్నా వదలలేము. 50 నుండి 100 మిల్లీ ఆంపియర్లు ఛాతీ గుండా ఒక సెకనుకు పైగా పారితే గుండె లయ తప్పి, రక్తాన్ని తోయలేక వృథాగా అదురుతుంది. కొన్ని నిమిషాలలో ప్రాణం పోతుంది. ఇంట్లో రాత్రిపూట వెలిగే పాతకాలపు 15 వాట్ల జీరో బల్బు తీసుకునే కరెంటు 65 మిల్లీ ఆంపియర్లు. అంత చాలు.

ఎండిన చర్మం కరెంటును బాగా అడ్డుకుంటుంది. తడిస్తే ఆ అడ్డు కూలిపోతుంది. చెమటపట్టిన చేతుల నడుమ శరీర నిరోధం సుమారు 1000 ఓములని అనుకుంటే 240 వోల్టుల దగ్గర 240 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. "అమెరికాలో సగం కరెంటే కదా, షాకు కొట్టదు" అని కొందరి ధీమా. అదే లెక్కన అక్కడ 120 మిల్లీ ఆంపియర్లు. అదీ ప్రాణాంతకమే.

మన కువైట్ కుర్రాడి విషయంలో మరో సంగతి ఉంది. సాకెట్టు పై రంధ్రం ఎర్తు. ఎడమచేతిలో చెంచా ద్వారా అతను ఎర్తును పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్లు కరెంటున్న పిన్నును తాకాయి. ఒక చేతినుండి మరో చేతికి, ఛాతీ మీదుగా, కరెంటుకు అతనే తీగ అయ్యాడు. పెన్ను ప్లాస్టిక్‌ది కావటం వల్లనే అన్నాళ్లూ బతికిపోయాడు.

గది ఒకటి, సాకెట్టు ఒకటి

గల్ఫ్ దేశాలలో ఒకే గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది ఉండటం మామూలే. గోడకు ఒకటో రెండో సాకెట్లు. దానికొక ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సులోంచి ఇంకొకటి. ఇక్కడ లాప్‌టాప్‌ను నిందించి లాభం లేదు. ఒక్కొక్కటి 65 వాట్లు అనుకుంటే ఎనిమిది లాప్‌టాపులూ కలిసి 520 వాట్లు మాత్రమే. అదే బాక్సుకు తగిలించిన నీళ్లు కాచే కెటిల్ ఒక్కటే 2000 వాట్లు దాటవచ్చు. వంట హాట్‌ప్లేటు 1500, ఇస్త్రీపెట్టె 1000. బ్రిటిష్ రకం ప్లగ్గు భరించేది 13 ఆంపియర్లు, అంటే సుమారు 3000 వాట్లు. అమెరికాలో మామూలు సాకెట్టుకు 15 ఆంపియర్లు, 1800 వాట్లు మాత్రమే. అందుచేత వేడి పుట్టించే వస్తువు ఏదైనా నేరుగా గోడకే తగిలించాలి. బాక్సుకు బాక్సు గొలుసుగా కలపకూడదు. తీగ చాపకింద, పరుపుకింద పోకూడదు. ప్లగ్గును ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా వెంటనే స్విచ్చి ఆపి తీసెయ్యాలి.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడింది. 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వారు. కింది అంతస్తులో కాపలాదారు గదిలో కరెంటు షార్టు సర్క్యూటే కారణమని అక్కడి అగ్నిమాపక శాఖ తేల్చింది. చాలామందిని బలిగొన్నది మంట కాదు, మెట్లదారిలో కమ్ముకున్న పొగ. కొత్త గదిలో చేరిన రోజున రెండు విషయాలు చూసుకోమని పిల్లలకు చెప్పండి. మెయిన్ స్విచ్చి ఎక్కడుంది? రెండో మెట్లదారి ఎక్కడుంది?

విమానంలో

లాప్‌టాప్‌లోనూ పవర్ బ్యాంకులోనూ ఉండేది లిథియం బ్యాటరీ. నలిగినా, లోపల తయారీ లోపమున్నా అది తనంతట తాను వేడెక్కి భగ్గుమంటుంది. 2010 సెప్టెంబరు 3న లిథియం బ్యాటరీలు కూడా ఉన్న సరుకుతో దుబాయి నుంచి బయలుదేరిన కార్గో విమానంలో నిప్పు పుట్టి, విమానం కూలి ఇద్దరు పైలట్లూ మరణించారు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఇంకా నేలమీదే ఉన్న ప్రయాణికుల విమానం తగలబడింది. అదృష్టవశాత్తు అందరూ బయటపడ్డారు. పైన సామాను అరలో ఉన్న పవర్ బ్యాంకు మీద దర్యాప్తు అనుమానం వ్యక్తం చేసింది.

అందుకే పవర్ బ్యాంకును, విడి బ్యాటరీని పెద్ద పెట్టెలో వెయ్యకూడదు. చేతిసంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్-అవర్ల లోపుదైతే సాధారణంగా అనుమతిస్తారు. 100 నుండి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. అంతకు మించినది ప్రయాణికుల సామానుతో రానివ్వరు. లెక్క ఇలా వెయ్యండి: 20,000 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉంటే 20 ని 3.7 తో గుణించాలి, 74 వాట్-అవర్లు వస్తుంది. 27,000 అయితే సుమారు 100. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుండి, ఎమిరేట్స్ అదే సంవత్సరం అక్టోబరు నుండి విమానంలో పవర్ బ్యాంకు వాడటాన్నే నిషేధించాయి. టిక్కెట్టు తీసుకున్నప్పుడే ఆ సంస్థ నియమాలు చదువుకోవాలి. ఉబ్బిన బ్యాటరీని వెంట తీసుకువెళ్లరాదు, చార్జింగుకు పెట్టరాదు, సూదితో పొడవరాదు. ప్రయాణంలో ఏ బ్యాటరీ అయినా వేడెక్కి వాసన వస్తే సిగ్గుపడకుండా వెంటనే విమాన సిబ్బందిని పిలవండి.

ఒళ్లో పెట్టుకుంటే

చలిదేశాలలో పిల్లలు రజాయి కప్పుకొని, లాప్‌టాప్‌ను తొడలమీద పెట్టుకొని గంటలకొద్దీ చదువుతారు. 44 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చేతికి గోరువెచ్చగానే తోస్తుంది. కాని ఆరేడు గంటలు ఒకేచోట తగిలి ఉంటే చర్మం కాలుతుంది. అంతకంటె తక్కువ వేడి రోజూ తగిలినా తొడలమీద వలలాంటి గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. మధుమేహం వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతే తెలియదు. లాప్‌టాప్‌ను బల్లమీద పెట్టాలి. చార్జరును పరుపుమీద, దిండుకింద ఉంచి నిద్రపోరాదు. దాని వేడికి గాలి కావాలి.

షాకు తగిలినప్పుడు

మొదట చెయ్యవలసింది మనిషిని తాకటం కాదు, కరెంటు ఆపటం. స్విచ్చి గాని మెయిన్ గాని ఆపాలి. వీలుకాకపోతే పొడి చెక్కమీద నిలబడి, పొడి కర్రతో తీగను అతనినుండి తోసెయ్యాలి. పిలిచినా పలక్క, ఊపిరి మామూలుగా ఆడకపోతే ఒకరు ఫోను చెయ్యాలి, మరొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుండి 120 సార్లు. సహాయం వచ్చేవరకు ఆపకూడదు. మన దగ్గర 108, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, కువైట్‌లోను జర్మనీలోను 112, ఆస్ట్రేలియాలో 000. ఈ నంబరు పిల్లలకు కంఠస్థం కావాలి.

కరెంటు ఆగిన తర్వాత కాలిన చోటును 20 నిమిషాలసేపు ధారగా పారే చల్లటి నీటి కింద ఉంచాలి. సిరా, పసుపు, టూత్‌పేస్టు, మంచుగడ్డ పనికిరావు. పైకి కనిపించే పుండు చిన్నదైనా లోపల కండరాలు కాలి ఉండవచ్చు. స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా, చర్మం కాలినా, ఒక చేతినుండి మరో చేతికి కరెంటు పారినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లి ఇ.సి.జి. తీయించుకోవాలి. మూడు వారాల తర్వాత ఇంటికి వచ్చి కాదు.

కొన్ని సందేహాలు

*లాప్‌టాప్ లోహపు అంచును తాకితే సన్నగా జివ్వుమంటున్నది. ప్రమాదమా?*
ఎర్తు లేని రెండు పిన్నుల చార్జరు వాడినప్పుడు అలా ఉంటుంది. మంచి చార్జరులో లీకయ్యే కరెంటు ఒక మిల్లీ ఆంపియరులో కొంత భాగమే కనుక హాని లేదు. మూడు పిన్నుల తీగ వాడగలిగిన చార్జరైతే అది వాడి చూడండి, పోతుంది. గట్టిగా కొడితే మాత్రం చార్జరు చెడినట్లే, పారెయ్యండి.

*సొంత చార్జరు పోతే చవకది కొనవచ్చా?*
వద్దు. గోడలోని 240 వోల్టులకూ మీ ఒళ్లో ఉన్న లాప్‌టాప్‌కూ మధ్య అడ్డుగోడ ఆ నల్లడబ్బా ఒక్కటే. నకిలీలలో ఆ గోడ పల్చన. లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీదే కొనాలి. వోల్టులు, వాట్లు సరిచూసుకోవాలి.

*మా మామగారికి గుండెలో పేస్‌మేకరు ఉంది. అమెరికా వెళ్తున్నారు. లాప్‌టాప్ వాడవచ్చా?*
బల్లమీద పెట్టుకొని వాడవచ్చు. ఛాతీకి ఆనించుకోరాదు. అయస్కాంతంతో అతుక్కొనే చార్జర్లు, మూతలు పేస్‌మేకరుకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

ఆ కుర్రాడి వేళ్లు క్రమంగా మానాయి. ప్రయాణానికి ముందురోజు చెల్లెల్ని వెంటబెట్టుకొని వచ్చాడు. రెండు చార్జర్లనూ నా బల్లమీద బోర్లించి, చీటీలమీది అంకెలు తనే ఆ పిల్లకు చదివి వినిపించాడు. గదిలోని ఎనిమిదిమందికీ అక్కడి తీగలే కొనిపిస్తానన్నాడు. "మరి చెంచా?" అని అడిగాను.

"అది అన్నానికే సార్" అన్నాడు.